నంబరు పడని ఇల్లు

మద్రాసు తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ ముందు సముద్రానికి అడ్డంగా లారీల కొద్దీ బండరాళ్ళు పోశారు. అవి సరిగ్గా మా వీధి మొదట్లో అయిపోయాయి. ఆ సంగతి మాకంటే ముందు సముద్రానికే తెలిసింది. తొంభైల్లో, నాకు పందొమ్మిదేళ్ళు వచ్చేసరికి, మాకూ సముద్రానికీ మధ్యనున్న రెండు వరుసల ఇళ్ళూ పోయి మాది బీచి బంగళా అయింది.

మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. అల గోడదాకా వచ్చేలోపే పెంకులు దించి, తలుపును ద్వారబంధంతో సహా ఊడదీసి దాచుకోవాలి. సముద్రానికి మట్టిగోడలు వదిలేయాలి. మా నాయన అందరికంటే వారం ముందే ఆ పని చేశాడు. టార్పాలిన్ కింద కూర్చుని పక్కింటి మామను సోమరి అని తిట్టాడు కూడా.

ఆ వారమే, కడలి పాలయ్యే ఇళ్ళకు వేరేచోట స్థలం ఇస్తామని లెక్క రాసే సారు వచ్చాడు. సోమరి మామ తలుపు మీద సుద్దతో నంబరు వేశాడు. మా దగ్గర ఆగాడు.

"ఇల్లేదయ్యా?"

"ఇదే సార్. నీళ్ళొస్తాయని మేమే విప్పేసినాం."

"సముద్రం పడగొడితే రాస్తా. మీరే పడగొట్టుకుంటే ఏమని రాయాల? కప్పు, వాకిలి ఉండాల. వీధి చివరిదాకా పొయ్యొస్తా, చూపించు."

పెంకులు రైలుకట్ట అవతల అత్తవాళ్ళింట్లో ఉన్నాయి. నాయన పరిగెత్తాడు. పక్కింట్లో దాచిన ద్వారబంధాన్ని తలుపుతో సహా నేనూ మామా మోసుకొచ్చి నిలబెట్టి, చెరోవైపు పట్టుకున్నాం. ఇంతలో పోటు ఎక్కింది. వెనకగోడ కూలింది, తర్వాత పక్కగోడలు.

"ఇంక గాలికి కొదవలేదు," అన్నాను.

"నోరు మూసుకోని గట్టిగా పట్టుకోరా," అంది అమ్మ. లోపలికి పోయి గడియ వేసుకుంది. లోపలికంటే, తలుపుకు అటువైపుకు.

సారు తిరిగొచ్చాడు. "ఏందమ్మా ఇది?"

"తట్టండి సార్. తీసినాక చెప్పండి, ఇల్లో కాదో."

మర్యాదస్తుడు, నిజంగానే తట్టాడు. అమ్మ తలుపు తీసింది. మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి ఉంది. ఆమె వెనక సముద్రం తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు సముద్రానికే పోయింది గదా సార్. రాయండి."

"కప్పు లేదే అమ్మా," అని మెల్లగా అని, సుద్దముక్క జేబులో వేసుకుని వెనుదిరిగాడు.

వీధి మలుపులో నాయన ఎదురొచ్చాడు. తలమీద తట్టెడు పెంకులు. దణ్ణం పెట్టడానికి చెయ్యి ఖాళీ లేక, "వచ్చేసినా సార్, వచ్చేసినా," అంటున్నాడు.