గాలి కొన్న బేరం

శంషాబాద్ బజారులో ఎవరూ చేయని బేరం నేను చేశాను. 2008లో మా ఊరికి కొత్త విమానాశ్రయం వచ్చింది. టీ కొట్టువాడి దగ్గర నుంచి బడిపంతులు దాకా ఊరు ఊరంతా భూమి కొంటున్న ఆ ఏడు, మా బాపు ప్లాటు కోసం దాచిన సొమ్మంతా ఒప్పించి తీసుకుని నేను గాలి కొన్నాను. అదీ చిల్లరగా కాదు, టోకుగా. రెండు వందల గంటలు విమానం నడిపే శిక్షణ, ధరలో మంచి తగ్గింపు, హాస్టలు గది ఉచితం. ఎందుకంటే డబ్బంతా ముందే కడతానన్నాను. సంతకం పెట్టి బయటికొస్తూ, ఇంత చవకగా పైలట్ అయ్యే మనిషి దేశంలో నేనొక్కదాన్నే అనుకున్నాను.

కొన్ని నెలలు తిరగకుండానే విమాన కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోవడం మానేశాయి. చవకగా కొన్నానన్న మాట మాత్రం అబద్ధం కాదు. ఎవరికీ అక్కర్లేని సరుకు ఎప్పుడూ చవకే.

మాది బెంగళూరు రోడ్డు పక్కన స్టీలు సామాన్ల దుకాణం. నేను నడక నేర్చింది బిందెల మధ్య. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే తీరు చూసి, ఈ గిరాకి కొంటుందో, ధరలు అడిగి పోతుందో చెప్పేదాన్ని. అలాంటి నేను శిక్షణకు డబ్బు కట్టే ముందు నాలుగు దుకాణాలు తిరగలేదా అంటే, తిరిగాను. బాపే తిరగమన్నాడు.

"సర్కారోళ్లు ఉట్టిగనే నేర్పుతరంట గద బిడ్డా? పైనుంచి జీతం గూడ ఇస్తరంట. ముందుగాల ఆ దుకాణం చూసి రా."

వైమానిక దళంలో డిగ్రీ చదివిన ఆడపిల్లలను రవాణా విమానాలకూ హెలికాప్టర్లకూ తీసుకుంటున్నారు. ఎంపికకు మైసూరు వెళ్లాను. అక్కడ పైలట్ కాబోయేవాళ్లకు ఒక యంత్రం ముందు పరీక్ష ఉంటుంది. తెర మీద చుక్క పరుగెడుతుంటుంది, చేతులతో, కాళ్లతో దాన్ని పట్టి ఉంచాలి. నా చుక్క నా మాట వినలేదు. తప్పానని చెప్పిన అధికారిని, మళ్లీ ఎప్పుడు రమ్మంటారు సార్ అని అడిగాను.

"ఇక రానక్కర్లేదు. ఈ పరీక్ష జన్మకు ఒక్కసారే."

"రెండోసారికి ఫీజు ఏమన్నా ఉంటే కడతాను సార్."

ఆయన నవ్వలేదు. 'ఒకే ధర' అని బోర్డు పెట్టిన దుకాణమంటే నాకు అప్పటి నుంచీ భయం.

సర్కారు దుకాణం మూతపడింది కాబట్టి సొంత డబ్బుతో నేర్చుకునే దుకాణానికి పోయాను. పక్క రాష్ట్రంలో ఒక మట్టి మైదానం, రెండే సీట్ల చిన్న విమానాలు. 2010లో లైసెన్సు పట్టుకుని తిరిగొచ్చేసరికి, మేం చూసి వదిలేసిన హిమాయత్ సాగర్ వైపు ప్లాటును మా పక్కన బట్టల దుకాణం నడిపే కాక కొనేసి ఉన్నాడు. రోజూ షట్టర్ ఎత్తగానే ఆయనకు నేను కావాలి.

"ఏందే పైలటమ్మా, ఇయ్యాల ఏ దేశం పోతున్నవ్?"

"దుబాయి, కాకా. జర ఈ చెంచాలు సర్దినంక పోత."

"పో పో. వచ్చేటప్పుడు నా ప్లాటు మీదికెల్లి రా, మీదికెల్లి ఎట్ల కనబడ్తదో చెప్దువు."

రెండేళ్లు చెంచాలు సర్దాను. దుకాణం మీదుగా విమానం పోయినప్పుడల్లా గిరాకి తల ఎత్తేది, నేను మాత్రం తూకం వైపు చూసేదాన్ని. ఒకనాడు బాపు, మైలార్‌దేవ్‌పల్లిలో ఒక షట్టరు కిరాయికి ఉందని, రెండో దుకాణం నా పేరున పెడదామని అన్నాడు. ఆ మాటలోని ప్రేమ నాకు తెలుసు. ఆ షట్టరు ఒకసారి ఎత్తితే మళ్లీ దించలేనని కూడా తెలుసు.

సరిగ్గా అప్పుడే ఒక విమాన కంపెనీ కొత్త పైలట్లు కావాలని ప్రకటించింది. రాత పరీక్ష గట్టెక్కాను. తర్వాతది సిమ్యులేటర్ పరీక్ష. సిమ్యులేటర్ అంటే నేల మీదే ఉండే నకిలీ కాక్‌పిట్. తలుపు వేస్తే లోపల అచ్చం పెద్ద జెట్ విమానమే. నేనేమో అప్పటిదాకా ముక్కున పంకా తిరిగే చిన్న విమానం తప్ప నడపలేదు. బాపుతో ఒప్పందం కుదిరింది.

"ఈ ఒక్కపారి చూడు బిడ్డా. అయితే అయింది. కాకుంటే నెలాఖరుకు షట్టరుకు అడ్వాన్స్ ఇచ్చేస్త."

విమానాశ్రయం దగ్గరే ఒక శిక్షణ కేంద్రం సిమ్యులేటర్‌ను గంటల లెక్కన కిరాయికి ఇచ్చేది. ఆ గంట ధర విని నాకు కళ్లు తిరిగాయి. అయినా బయటికి రాలేదు. కుర్చీలో కూర్చుని పొద్దంతా గమనించాను. దూరం నుంచి రావాల్సినవాళ్లు ట్రాఫిక్‌లో ఇరుక్కునో, జ్వరమొచ్చో తమ గంటలు రద్దు చేసుకుంటున్నారు. మేనేజర్ దగ్గరికి వెళ్లాను.

"రద్దయిన గంట సాయంత్రం పూట కొత్తిమీర లాంటిది సార్. రేపటికి వాడిపోతది. సగానికి నాకియ్యండి. ఫోన్ కొట్టిన పావుగంటలో మీ గుమ్మంలో ఉంట."

ఆయన నవ్వాడు. నవ్విన అమ్మకందారు సగం ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత ఫోన్ మోగితే చాలు, తూకంలో ఉన్న గిన్నెను అలాగే వదిలి స్కూటీ ఎక్కేదాన్ని. వెనక నుంచి కాక అరిచేవాడు, "ఫ్లైట్ లేటయితున్నట్టుందే!" అని.

అక్కడ నేర్పే సారు వైమానిక దళంలో చేసి రిటైరైన మనిషి. గుంటూరు వైపువాడు. మాట మెత్తన, మార్కులు గట్టి. మూడో రోజే నా తెగులు పట్టేశాడు.

జెట్ విమానం దిగడానికి ఒక కట్టుబాటు ఉంది. నేలకు వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, దిగే వాలు, చక్రాలు, రెక్కలు అన్నీ కుదిరి ఉండాలి. కుదరకపోతే ఇంజన్ల శక్తి పెంచి, దిగడం మానేసి పైకి లేవాలి. దాన్ని గో అరౌండ్ అంటారు. చుట్టు తిరిగి మళ్లీ వరుసలోకి రావడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ నేను కొన్న గంటలోవే! గంటకు ఎన్ని ల్యాండింగులు పిండుకుంటే అంత లాభమని నా లెక్క. అందుకే కుదిరినా కుదరకపోయినా దించేసేదాన్ని.

"ఎందుకు దించావమ్మా?"

"దిగింది గద సార్."

"దిగింది. రన్‌వే సగం అయిపోయాక దిగింది. మిగతా సగంలో ఆగలేదు. నీ ప్రయాణికులు ఇప్పుడు గడ్డిలో నిలబడి ఉన్నారు."

"జర స్పీడ్ ఎక్కువుండె సార్. తగ్గుతదనుకున్న."

సారు తెర ఆపేశాడు. "నువ్వు విమానం దించడం లేదమ్మా. రన్‌వేతో బేరమాడుతున్నావు. ఇక్కడ కొంచెం తగ్గించు, అక్కడ కొంచెం సర్దుకో అని. దళంలో అయితే నిన్ను ఈపాటికి ఇంటికి పంపేసేవాళ్లు. అక్కడ గంటల ఖర్చు సర్కారుది, కాబట్టి ఎవరూ గంటలు లెక్కపెట్టుకోరు. నువ్వు ఒక కన్ను మీటరు మీద పెట్టి నడుపుతున్నావు. ఇలాగే వెళితే పరీక్షలో తప్పుతావు."

కోపమొచ్చింది. డబ్బు ఆయనది కాదు కదా అనుకున్నాను. తర్వాత కొన్న రెండు గంటలూ అదే తప్పు చేశాను.

ఆ వారమే సరుకు కోసం బాపుతో బేగంబజార్ పోయాను. పెళ్లిళ్ల రోజులు, వంటలకు పెద్ద డేగిసాలు కావాలి. టోకు సేటు దగ్గర పొద్దున కూర్చున్న వాళ్లం, మధ్యాహ్నమైనా లేవలేదు. మూడు చాయ్‌లు తాగాం. సేటు ఒక ధర దగ్గర మొండికేశాడు. బాపు ఉన్నట్టుండి తువ్వాలు దులుపుకుని లేచాడు.

నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "బాపూ, పొద్దంత కూసున్నం. ఖాళీ సంచులతోని పోతమా?"

"పొద్దంత కూసున్నమని కొంటే, కూసున్నందుకు గూడ పైసలు కట్టినట్టే గదనే. నడువ్."

సందు చివరి దాకా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఇలాంటప్పుడు సేటు పిలవాలి. అది బజారు మర్యాద. ఆయన పిలవలేదు.

"పిల్వలే బాపూ."

"పిల్వకపోతే పిల్వకపాయె. పిలుస్తడని లేస్తే అది నాటకం. వద్దని లేస్తేనే బేరం." అని మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగి, అక్కడ మాత్రం అర్ధరూపాయి కూడా బేరమాడకుండా రెండు ప్లేట్లు తీసుకున్నాడు. ఖాళీ సంచులతోనే ఇంటికొచ్చాం. డేగిసాలు తర్వాత ఇంకో దుకాణంలో తెచ్చాం, సేటు చెప్పిన ధరకే. అయినా బాపు ముఖంలో ఓడిన చాయ కనిపించలేదు.

ఆ తర్వాత దొరికిన గంటలో సిమ్యులేటర్‌లో మొదటిసారి లేచాను. వెయ్యి అడుగుల దగ్గర వేగం ఎక్కువుంది. పది నిమిషాల ధర కళ్ల ముందు కదిలింది, అయినా లేచాను. సారు ఫ్లాస్కులోంచి ఒక కప్పు చాయ్ పోసి నా వైపు జరిపాడు. ఆ రోజు గంటకు ఒకే ఒక్క ల్యాండింగు దక్కింది. బాగా దక్కింది.

పరీక్ష రోజున నా పక్క సీటులో మరో అభ్యర్థి, బెజవాడ కుర్రాడు. వెనక కంపెనీ తరఫు పరీక్షాధికారి. మొదటిసారి దిగుతున్నప్పుడు ఆయన మమ్మల్ని కావాలనే ఎత్తులో ఆపి ఉంచి, ఆలస్యంగా దిగమన్నాడు. వెయ్యి అడుగులకు వచ్చేసరికి విమానం కొండ మీంచి దొర్లిన బిందెలా పోతోంది. లోపలి నుంచి పాత గొంతు లేచింది, జర ఆగు, తగ్గుతది అని. గో అరౌండ్ అన్నాను. ఇంజన్లు గర్జించాయి, ముక్కు పైకి లేచింది.

రెండోసారి ఆయన విమానాన్ని వెనక నుంచి తోసే గాలి పెంచాడు. పెంచి, చాయ్ చల్లారుతోందని చెప్పే సేటులా మెత్తగా అన్నాడు, "మీకింక ఎక్కువ టైము లేదు."

"దించేద్దామండీ, ఒక్క ల్యాండింగ్ అన్నా చూపించకపోతే ఎలాగ?" అని కుర్రాడు గుసగుసలాడాడు.

గాలి, దిగడానికి ఉన్న హద్దు దాటింది. మళ్లీ లేచాను. లేచి, మిగిలిన ఇంధనం చూసి, ఇక ఈ రన్‌వే వద్దు, చెన్నై పోతున్నామని ప్రకటించాను. సగం దారిలో తెర ఆగిపోయింది. టైము అయిపోయింది. రెండేళ్లు ఎదురుచూసిన పరీక్షలో నా చక్రాలు ఒక్కసారి కూడా నేలకు తగల్లేదు. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, పోవచ్చన్నాడు.

బయటికొచ్చి బాపుకు ఫోన్ చేశాను.

"ఎట్లయింది బిడ్డా?"

"దించలే బాపూ. రెండుసార్లు లేచి వచ్చేసిన."

చేతిలోని గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "మల్ల పిలిచిన్రా?"

"ఇంకా లేదు."

"మంచిది. ఇంటికి రా. అన్నం తిందువు."

అడ్వాన్సు ఇవ్వడానికి బాపు మైలార్‌దేవ్‌పల్లి బయల్దేరిన పొద్దునే పిలుపొచ్చింది. ఎంపికయ్యాను. బాపు స్కూటర్ స్టాండు వేసి, జేబులోని నోట్ల కట్టను తీసి మళ్లీ గల్లాలో పెట్టాడు. తర్వాత సారు నవ్వుతూ చెప్పాడు, ఆ గాలిలో దించడానికి చూసినవాళ్లెవరినీ తీసుకోలేదని. ఇంతలోనే ఆ గల్లా మళ్లీ తెరవాల్సి వచ్చింది. మేం నడపబోయే జెట్ రకానికి ప్రత్యేక శిక్షణ ఉందట, దాని ఖర్చు మాదేనట.

"నౌకరి ఇచ్చేది వాళ్లు, పైసలు ఇచ్చేది మనమా? గిదేం నౌకరే!" అన్నాడు బాపు. అంటూనే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

2014లో ఒక మధ్యాహ్నం, పక్కన కెప్టెన్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, శంషాబాద్‌లో విమానాన్ని నేను దించాను. ఎడమవైపు హిమాయత్ సాగర్ మెరుస్తోంది. వెయ్యి అడుగుల దగ్గర అన్నీ కుదిరి ఉన్నాయి. ఒక్క మాటైనా బేరమాడకుండా రన్‌వే చెప్పిన ధరే ఇచ్చేశాను. వెనక నూట డెబ్బై మంది తమ సంచుల కోసం లేచారు. ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. తెలియకపోవడమే నా పనితనం.

ఆ సాయంత్రం యూనిఫాంలోనే రమ్మన్నాడు బాపు. కాక దుకాణం ముందు నుంచే రమ్మన్నాడు. కాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, పాతికేళ్లలో గిరాకి కాని మనిషికి ఆయన లేవడం నేను చూడలేదు.

"నా ప్లాటు కనబడ్డదా బిడ్డా?"

"కనబడ్డది కాకా. గడ్డి బాగ పెరిగింది, కోపియ్యరాదూ."

బాపు నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. భుజం మీద పట్టీలు చూసి జనం బేరం మానేస్తారని ఆయన ఆశ. ఒక ముసలమ్మ పాలగిన్నె తిప్పి తిప్పి చూసి అంది, "ఇమానం తోలుతవంట, ఇరవై రూపాలు తగ్గియ్యనీకి నీకేమాయె?" తగ్గించాను.

రాత్రి షట్టరు దించే ముందు లెక్క వేశాం. ప్లాటు ధర ఇప్పటికి నాలుగింతలైంది. మేం దానిమీద పెట్టాల్సిన సొమ్ము శిక్షణకు పోయింది, పైన జెట్ శిక్షణకు చేసిన అప్పు, దాని మీద వడ్డీ, రెండేళ్లు దుకాణంలో జీతం లేని పని. టోకున దొరికిన తగ్గింపు తీసేశాం. కొత్తిమీర గంటల్లో మిగిలిందని నేను పట్టుబట్టాను, బాపు ఒప్పుకోలేదు. సగం ధరకు కొన్న గంటల్లో సగం, ఆ పిసినారితనం నేర్పిన తప్పును వదిలించుకోవడానికే పోయాయన్నాడు. అంటే పూర్తి ధరే పడింది. నిజమే. ఆ వరుస కొట్టేశాను. ఇటువైపు నా జీతం, వచ్చినంత వరకు.

ఈ నాటికి నష్టమే. కాక ప్లాటే గెలిచింది, అదీ చాలా తేడాతో. పెట్టిన అసలు సొమ్ము తిరిగి రావడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది.

నేను కొన్న సరుకు మాత్రం అమ్మకానికి లేదు.