కనకాంబరం కాయల చప్పుడు

కనకాంబరానికి వాసన ఉండదు. మా అమ్మ నాకు ఇప్పటికీ దాని చప్పుడులోనే వస్తుంది.

ఎండిన కంకి మీద నీళ్ళు పడితే కాయలు టప్పున పగిలి గింజలు ఎగురుతాయి. అంట్లు తోమే బండ పక్కన అమ్మ నాటిన చెట్టు అది. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు గానీ నేనట్లా పొగడను, మా అమ్మది గయ్యాళి నోరు. బోరు ఎండి ట్యాంకర్ కోసం కాచుకున్నప్పుడు కూడా ఆ చెట్టుకు చెంబుడు నీళ్ళు దాచేది. అడిగితే నాయనకు తిట్లు.

అట్లాంటి ఎండాకాలంలోనే పోయింది. ముత్తైదువగా పోయింది కాబట్టి తల నిండా పూలు పెట్టాలన్నారు. చెట్టున ఉన్నవన్నీ కోసి నేనే మాల కట్టాను.

కర్మలయ్యాక మా అత్త గడ్డపార తెచ్చింది. ఆమె నాయనకు అక్క, నన్ను కోడలిగా చేసుకుంది. మేముండేది పక్క వీధిలోనే.

"పీనుగకు పెట్టిన చెట్టు పూలు మళ్ళా ఆడోళ్ళు పెట్టుకోగూడదు. చెట్టుంటే ఆయమ్మ ఈడనే తిరుగుతాది" అంది.

అమ్మ చేతిది నాకు మిగిలింది ఆ చెట్టొక్కటే. నాయన అడ్డుపడతాడనుకున్నాను.

"ఉండక్కా, ఒక చెంబు నీళ్ళు పోయనీ" అన్నాడంతే.

పోశాడు. ఎండు కంకులు టపటపా పగిలాయి. గింజలు బండ మీద, గడప దగ్గర, నాయన పాదాల మీద పడ్డాయి. అత్త చెవులు మూసుకుంది. తర్వాత చెట్టును వేళ్ళతో సహా పెకిలించింది. నేను ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు. ఒకే పొయ్యి దగ్గర అదెంత కష్టమో కోడళ్ళకే తెలుసు.

చెట్టు పోయినా, ఆ బండ మీద నీళ్ళు పడినప్పుడల్లా చెవిలో టప్పుమనేది. నాయనకూ వినబడేదేమో, చెంబు పట్టుకుని అటే చూస్తూ నిలబడేవాడు.

వానలు పడ్డాక మొలకలొచ్చాయి. నాయన వాటిని తొక్కకుండా కాళ్ళెత్తి ఎత్తి నడిచేవాడు. అత్త మళ్ళీ గడ్డపారతో వచ్చింది.

"ఇవి పీనుగకు పెట్టలేదు కదత్తా" అన్నాను. ఆమె గడ్డపార తీసుకుని వెనక్కి తిరిగింది.

అవి పూశాక ఒకరోజు మాల కట్టి తల్లో పెట్టుకుని, అమ్మ కూర్చునే చోటే కూర్చుని నాయన తిన్న అంట్లు తోముతున్నాను. నాయన చేను నుంచి వచ్చి నా వెనక ఆగాడు.

"ఏమే, బువ్వ పెడతావా?"

నన్నెప్పుడూ ఆయన 'అమ్మా' అనే పిలుస్తాడు. ఇప్పుడు తిరిగి చూస్తే అమ్మ ఆయనకు మళ్ళీ చచ్చిపోతుంది.

తిరగకుండానే కసిరాను.

"కాళ్ళు కడుక్కోని రాపో, పెడతా."