నీలం గుడ్డ మీద అత్తగారు

ఆ వీధిలో ఆమెను అందరూ నీలం టైలరు అనే పిలిచేవారు. బట్టలు కుట్టడం ఆమె బతుకుతెరువు, ఎండలో అచ్చులు తీయడం ఆమె పిచ్చి. పక్క గదిలో ఫొటో స్టూడియో నడిపిన పెద్దాయన దుకాణం ఎత్తేస్తూ, రెండు సీసాల ఉప్పులు ఆమె చేతిలో పెట్టి, పని కూడా నేర్పి వెళ్లాడు. ఆ ఉప్పులు నీళ్లలో కలిపి, చీకటి గదిలో గుడ్డకు పూసి ఆరబెట్టాలి. దాని మీద ఆకో పువ్వో పరిచి, ఎండలో ఉంచి, నీళ్లలో జాడిస్తే ఎండ తగిలిన చోటల్లా ముదురు నీలం తేలుతుంది. ఆకు కప్పిన చోటు తెల్లగా మిగులుతుంది. వేళ్లకు అంటిన నీలం మాత్రం ఓ పట్టాన వదలదు.

ఈ వ్యవహారం అత్తగారికి సుతరామూ గిట్టేది కాదు. "కుట్టాల్సినవి కొండలా పడుంటే, మహాతల్లి పిచ్చిమొక్కలు ఏరుకొచ్చి ఎండేస్తోంది" అని కొడుకుతో అనేది. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. తల్లికీ పెళ్లానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగి, తలవంచుకుని తిని డ్యూటీకి పోయేవాడు. ఈమధ్య పెద్దావిడకు మతిమరుపు మొదలైంది. తిన్న సంగతి మరిచేది, ఒక్కోసారి ఇంటికి దారీ మరిచేది.

ఆ చలికాలంలో పిల్లల డాక్టరుగారు తన ఆసుపత్రి కిటికీకి ఆకుల అచ్చు తెర కావాలన్నారు. టైలరు మెట్ల గది నీడలో పెద్ద చెక్క మీద గుడ్డ పరిచి, అంచుల పొడవునా ఆకులు గుండుసూదులతో బిగించింది. నడుమంతా ఖాళీగా వదిలింది. చెక్కను డాబా మీద ఎండలోకి లాగిందో లేదో, కింద నుంచి ఎవరో కోటు కొలతలకు వచ్చామని కేకేశారు. ఆమె దిగి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి గుడ్డ మధ్యలో అత్తగారు మోకాళ్లు ముడుచుకుని, తల కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది.

"అత్తయ్యా! లేవండి, అది తెర!"

"తెరేంటే? నువ్వేగా వేశావు పక్క" అంది పెద్దావిడ కళ్లు తెరవకుండానే. "ఇన్నేళ్లకి నీకో మంచి బుద్ధి పుట్టింది. వెచ్చగా ఉంది."

టైలరు ఎండ వంకా, గుడ్డ వంకా చూసింది. గుడ్డ ఎలాగూ పోయింది. ఇప్పుడు లేపితే ఇటు తెరా రాదు, అటు మనిషి అచ్చూ రాదు.

"సరే, కదలకుండా పడుకోండి" అని పక్కనే గోడకు చేరబడింది.

పెద్దావిడ లేచాక గుడ్డను జాడిస్తే, నీలంలో తెల్లగా ఒక మనిషి తేలింది. ముడిచిన మోకాళ్లు, చిన్న జుట్టుముడి, చుట్టూ ఆకులు.

"ఎవరే ఇది?"

"మీరే."

పెద్దావిడ చాలాసేపు చూసింది. "ఇంతేనా నేను?" అంది. తర్వాత, "నాది నాకిచ్చెయ్" అని లాక్కుని తన మంచం మీద పరుచుకుంది. డాక్టరుగారికి మరో తెర వెళ్లింది.

ఒక సెలవు రోజు కొడుకు, ఇంటిపనిలో ఓ చెయ్యి వేద్దామని, ఆ దుప్పటి తీసి చాకలిసోడా నీళ్లలో నానబెట్టాడు. నీలమంతా ఎగిరిపోయి పసుపు మరక మిగిలింది. పెద్దావిడ మంచం పట్టె మీద కూర్చుని, "నన్నెవరో తుడిచేశారు" అని ఏడ్చింది. కొడుకు ముఖం చెల్లక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

స్టూడియో పెద్దాయన ఎప్పుడో చెప్పిన కిటుకు టైలరుకు గుర్తుకొచ్చింది. దుప్పటిని మంచినీళ్లలో రెండుసార్లు జాడించి, గంగాళం నిండా చిక్కటి టీ డికాక్షన్ కాచి, అందులో ముంచింది. సాయంత్రానికి చుట్టూ నల్లటి గోధుమరంగు పట్టి, మధ్యలో మనిషి మళ్లీ కనిపించింది. తెలుపు మాత్రం చామనఛాయకు దిగింది.

"నల్లబడ్డానేంటే?"

"ఎండలో పడుకుంటే నల్లబడరా మరి?"

పెద్దావిడ పకపకా నవ్వింది. మర్నాటి నుంచి దెప్పుళ్లు మామూలే.

మరుసటి ఏడాదికి ఆమె కోడలిని గుర్తుపట్టడం మానేసింది. "టైలరమ్మగారూ, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా" అనేది. ఆ మర్యాద కోడలికి మింగుడుపడలేదు. ఒకసారి, పాత దెప్పు ఒక్కటైనా వినబడుతుందేమోనని, కావాలనే, అత్తగారు చూస్తుండగానే, పాలు పొయ్యి మీద పొంగిపోనిచ్చి పక్కన నిలబడింది.

"ఫరవాలేదండీ" అంది పెద్దావిడ.