లోవీసా ఆవు

పెళ్ళికి ముందు లోవీసా ఓ పెద్ద రైతు ఇంట్లో పనిచేసింది. జీతం అడిగితే ఆసామి ఆమె చేతిలో పెయ్యదూడ తాడు పెట్టాడు. ఆ దూడతోనే కాపురానికి వచ్చింది. ఇప్పుడు కొట్టంలో ఉన్న హెలూనా దాని బిడ్డే. ఊరంతా దాన్ని లోవీసా ఆవనే అంటారు గానీ, చట్టానికి అది ఆమె మొగుడు తావెత్తిది. అందుకే జప్తులోకి వెళ్ళింది.

పోనీ అప్పయినా తావెత్తిదా అంటే, కాదు. సావో సీమ పల్లెల్లో ఒకడు అప్పుకోసం బ్యాంకుకు వెళ్తే ఇంకొకడు హామీ సంతకం పెట్టాల్సిందే. పెట్టనన్నవాణ్ణి ఇరుగుపొరుగు కలిసి చేసే ఆవిరిస్నానానికి కూడా ఎవరూ పిలవరు. పక్కపొలం ఆపెలి కాగితం తెచ్చిన రోజు లోవీసాయే కాఫీ కాచి, చిక్కటి పాలు కలిపి ఇచ్చింది. తావెత్తి చదవకుండానే సంతకం గీకాడు. ఆ తర్వాత ఆపెలి నమ్ముకున్న కలప ధర పడిపోయింది. ఆపెలి ఇల్లూ పొలమూ అమ్మినా బాకీ తీరలేదు. మిగతాదానికి కోర్టు తావెత్తి మీద పడింది.

ఇలాంటి వేలాలకు ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఒక్కడే నామమాత్రంగా పాడతాడు, మిగతావాళ్ళు నోరు మెదపరు. కొన్నవాడు దాన్ని మళ్ళీ ఆ ఇంటికే ఇచ్చేస్తాడు. హెలూనాను పాడేది తనేనని ఆపెలి పట్టుబట్టాడు.

"ఎవరన్నా పాడనీ, వాడు మాత్రం వద్దయ్యా" అంది లోవీసా.

"కాళ్ళావేళ్ళా పడ్డాడే. ఈ ఒక్కటీ చేయనిస్తే ఊళ్ళో తలెత్తుకు తిరుగుతాడు."

"వాడి తల సంగతి నీకెందుకు? పిల్లల పాల సంగతి చూడు!"

"ఊరుకో. మాటిచ్చేశా."

తావెత్తికి మాటివ్వడం ఒక్కటే వచ్చు.

వేలంనాడు జప్తుకొచ్చిన కోర్టు అమీనా మెట్టు మీద నిలబడి పాట మొదలుపెట్టాడు. "రెండు మార్కులు" అన్నాడు ఆపెలి. ఆ డబ్బుకి కోడిపెట్ట కూడా రాదు. బస్తీనుంచి వచ్చిన పశువుల బేరగాడు నోరు తెరవబోతే, ఎవరో అతని భుజం మీద చెయ్యి వేశారు. అమీనా మూడోసారి అనేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. సుత్తి పడింది. ఆపెలి కళ్ళు తుడుచుకుంటూ తాడు పట్టుకొచ్చాడు.

"ఇదుగో వదినా, నీ ఆవు."

లోవీసా చెయ్యి చాచింది.

"ఆగమ్మా" అన్నాడు అమీనా. "ఆపెలీ, ఆవు కొన్నది నువ్వేగా?"

"నేనే బాబూ!" అన్నాడు ఆపెలి ఛాతీ విరుచుకుని.

"నీ మీద బాకీ ఇంకా అలాగే ఉంది. జప్తు చెయ్యడానికి ఇన్నాళ్ళూ నీ దగ్గరేమీ లేదు. ఇప్పుడు ఆవుంది."

"అయ్యో, అది ఆవిడకి ఇచ్చేశాను బాబూ!"

"బాకీ ఉన్నవాడు దానం చేస్తే చెల్లదు."

"ఒకే అప్పుకి ఒకే ఆవును రెండుసార్లు పట్టుకుపోతారా?" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

అమీనా తల దించుకున్నాడు. "ఇంకెవరు పాడినా చూడనట్టే పోయేవాణ్ణి. నేనూ ఈ చుట్టుపక్కలవాణ్ణే. బాకీ కాగితంలో మొదటిదే ఇతని పేరు, ఎలా వదిలెయ్యను?"

హెలూనాను బస్తీలో అమ్మారు. అక్కడ బేరగాళ్ళ భుజాల మీద చేతులు వేసేవాళ్ళు లేరు. ఓ కసాయి కొన్నాడని తెలిసింది. ఆ రోజు లోవీసా పాల తపేలా తోమి, బోర్లించి, దాని పక్కనే కూర్చుని ఏడ్చింది.

ఆదివారం ఆపెలి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా, నా ఖర్మ ఇలా కాలింది" అని వెక్కాడు.

"లోపలికి రారా. నువ్వేం చేస్తావు పాపం" అన్నాడు తావెత్తి, కుర్చీ జరుపుతూ. "లోవీసా, వాడికి కాఫీ పొయ్యి."

గుమ్మం తొక్కినవాడికి కాఫీ ఇవ్వకుండా ఆమె ఏనాడూ పంపలేదు. ఆ రోజూ పోసింది. ఇద్దరి ముందూ నల్లటి కాఫీ పెట్టింది. ఆపెలి అలవాటుగా పాలకోసం చూశాడు.

"సంతకం పెట్టిన రోజే మీ ఇద్దరూ తాగేశారు" అంది లోవీసా.