ఎండ ఉంది, కరెంటు లేదు

గోదావరి అవతల, రాష్ట్రం సరిహద్దు దాటాక వచ్చే భోపాలపట్నంలో మా అక్క డాబా మీద సోలార్ పలకలు పెట్టించింది. హనుమకొండలో మా ఇంటికీ పెట్టిద్దామా అన్న ఆలోచనతో, ఊపిరితిత్తులు పాడై మంచం పట్టిన బావను చూసినట్టూ ఉంటుందని బయల్దేరాను.

పొద్దున ఆరింటికి బస్సెక్కి, ఏటూరునాగారంలో దిగి టీ తాగి జీపు పట్టుకున్నాను. లోపల మనిషి మీద మనిషి. గోదావరి వంతెన దాటాక, ఆవపల్లి వెళ్తున్న ఒక పెద్దాయన నా ప్రయాణం సంగతి అడిగి తెలుసుకున్నాడు. "సోలార్ మంచిదే సారూ. మా ఊరికి కరెంటు తీగలు రాకముందే సోలార్ లైట్లొచ్చినయ్. కరెంటు పోతది గని అవి పోవు" అన్నాడు. ఈ వైపు అందరూ నమ్మేది ఇదే.

మధ్యాహ్నానికి చేరాను. అక్క కిరాణా కొట్టు మూసి వచ్చి పప్పుచారు, వెదురు కొమ్ముల కూర వడ్డించింది. "బిల్లు లేనట్టే తమ్మీ. మనం వాడంగ మిగిలింది లైన్లకు పోతది, మన లెక్కల జమైతది. సబ్సిడీ గూడ పడ్డది" అంది. అంత మంచి కబురు చెబుతూ కూడా ముఖం వేలాడేసుకునే ఉంది. ఎందుకో నేను చెయ్యి కడుక్కునేలోపే తెలిసింది.

కరెంటు పోయింది. బావ మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషన్ కుయ్యోమని అరిచి ఆగిపోయింది. అక్క పరుగున వెళ్ళి సిలిండర్ విప్పి మాస్కు తగిలించింది. నేను డాబా ఎక్కాను. మాడు పగిలే ఎండ. పలక మీద చెయ్యి పెడితే చుర్రుమంది. కిందికొచ్చి చూస్తే గోడకున్న ఇన్వర్టర్ డబ్బాలో ఎర్ర లైటు.

"లైన్ల కరెంటు లేకుంటే ఇదీ బంద్ అంట. బంద్ కాకుంటే మన కరెంటు లైన్లకు పోయి, తీగ మీద పని చేసేటోనికి షాక్ కొడ్తదంట. పెట్టినోడు ఇప్పుడు చెప్తుండు" అంది అక్క. "ఊర్లల్ల బ్యాటరీ సోలార్ చూసి ఇదీ గంతే అనుకున్న. ఈ మిషన్ ఆగొద్దనే గద పెట్టించిన!"

బావ మాస్కు కాస్త జరిపి, "బయట ఎండున్నది గద?" అని అడిగాడు.

సాయంత్రానికి కరెంటొచ్చింది. బ్యాటరీ పెట్టిద్దామా అని కూర్చుని లెక్కలేసుకున్నాం. బిల్లులో మిగిలేదానితో ఆ ఖర్చు తీరాలంటే ఏళ్ళు పడుతుంది. బావకు అన్నేళ్ళున్నాయా అన్న మాట ఎవరమూ పైకి అనలేదు.

మర్నాడు పొద్దున తిరుగుముఖం పట్టాను. కరెంటు నిలకడగా ఉండే ఊళ్ళో ఈ పలకలు లాభమే, నేనూ పెట్టించుకుంటానేమో. మీరు పెట్టించే ముందు మాత్రం, కరెంటు పోతే ఏమవుతుందో అడగండి.

వంతెన దగ్గర అక్క ఫోను. "మల్ల కరెంటు పోయింది తమ్మీ. సిలిండర్ ఆఖరుకొచ్చింది, ఇంకోటి తెమ్మని బీజాపూర్ జిల్లా దవాఖానకు మనిషిని పంపిన. నువ్వు హనుమకొండల బ్యాటరీ సంగతి అడుగుడు మర్వకు."

అడుగుతానన్నాను. గోదావరి మీద ఎండ కళ్ళు చెదిరేలా కాస్తోంది. దాన్ని చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.