బజ్జీతో పాటు వచ్చే రాజు

నిన్న నందికొట్కూరులో ఉగ్గాని, బజ్జీ కొంటే, బజ్జీ చుట్టిన కాగితం మీద గాడిద కనిపించింది. అది గాడిద కాదు, గుర్రం. మా చిన్నాయన గీసింది. ఇంకా మానలేదన్నమాట ఆ మనిషి.

నా చిన్నప్పటి నుంచీ ఆయన ఒకటే బొమ్మల కథ గీస్తున్నాడు. రాక్షసుల మీద యుద్ధానికి పోయే రాజు, దారిలో ఆకలేసి వెనక్కొచ్చేస్తాడు. అంతే కథ. సొంతంగా జిరాక్సు తీయించి, పిన్నులు కొట్టి బస్టాండు అంగట్లో పెట్టేవాడు. ఎవరూ కొనేవాళ్లు కాదు. అంగడాయన వాటిని బజ్జీల బండికి తూకానికి వేసేవాడు.

చిన్నప్పుడు ఒకసారి బండి దగ్గర జనం ఆ పేజీలు చూసి నవ్వుతూ తింటుంటే, వాళ్లు పేజీ కోసమే వచ్చారనుకున్నాను. ఇంట్లో అన్నాలకాడ అందరి ముందరా చెప్పాను.

"చిన్నాయనా, నీ పేజీ కొంటే బజ్జీ ఉత్తగా ఇస్తాండారు."

మా నాయన పొలమారేదాకా నవ్వాడు. చిన్నాయన మాత్రం "అయితే ఒకరికి ఒక పేజీనే పోతాందా?" అని అడిగి ఆలోచనలో పడ్డాడు. అప్పటి నుంచి ఏ పేజీ కథ ఆ పేజీలోనే ముగించడం మొదలుపెట్టాడు. సిగ్గుపడాల్సిన చోట ఆయన నేర్చుకున్నది అది.

నిన్నటి పేజీలోనూ రాజు ఆకలేసి వెనక్కే వచ్చాడు. రాక్షసుడి మొహమంతా నూనె. పక్కన తింటున్న పెద్దాయన తన కాగితం నా వైపు చాపాడు.

"చదివేసింటే నీది ఇట్లియ్యప్పా. ఇది నువ్వు తీసుకో."

"ఉండు పెద్దనాయనా, ఇంకా కాలేదు" అన్నాను.