కుడిచెవిలో పడని తీర్మానం

నీళ్ళ సరఫరా ఆఫీసు మూడో అంతస్తులో, చివరి గదిలో పదకొండేళ్ళుగా టెంపరరీగా పనిచేస్తున్న టైపిస్టుకు జీవితంలో కావలసింది ఒకే ఒక్క వాక్యం. "టైపిస్టును పర్మనెంటు చేయడమైనది." అంతే, దాని కింద తొమ్మిది సంతకాలు. అది లేక ఏటా ఆర్డరు గడువు ముగిసే వారం ఆవిడకు తిండి సయించదు, నిద్ర పట్టదు. ఇంటివాళ్ళు కూడా ఆ వారం ఆవిడతో మాటామంతీ తగ్గించేస్తారు.

ఆ ఆఫీసుకొక పద్ధతి ఉంది. నెలకోసారి కమిటీ మీటింగు జరుగుతుంది. పొడుగాటి బల్లకు అటొక మైకు, ఇటొక మైకు, మధ్యలో తాతల నాటి రికార్డరు. ఆ గదిలోకి టైపిస్టుకు ప్రవేశం లేదు. మర్నాడు రికార్డరు ఆవిడ బల్ల మీదికి వస్తుంది, ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెవిలో పడ్డదల్లా టైపు చేస్తుంది. మినిట్స్‌లో ఉంటే జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. ఒకసారి మీటింగు ముగిశాక పైకప్పు పెచ్చూడి క్యాషియరు నెత్తిన పడింది. రికార్డరు అప్పటికే ఆపేశారు గనుక ఆయన సెలవు మంజూరు కాలేదు. తలకు కట్టు మాత్రం నెల్లాళ్ళు ఉంది.

రెండేళ్ళ కిందట ఆ హెడ్‌ఫోన్లకు కుడివైపు చచ్చింది. ఆవిడ అర్జీ పెట్టింది. స్టాకు రిజిస్టరులో "బాగుంది", "పాడైంది" అని రెండే గళ్ళున్నాయి. సగం బాగున్నదాన్ని ఎందులో వేయాలో తోచక గుమస్తా "బాగుంది"లోనే ఉంచాడు. ఆవిడా సర్దుకుపోయింది. ఒక చెవితో వింటే కాస్త చిన్నగా వినిపిస్తుంది, కొంపలేం మునుగుతాయి అనుకుంది. కుడివైపు మైకులో పడిన మాట కుడిచెవికే వస్తుందని ఆవిడకెవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికైనా తెలిస్తే కదా!

అప్పట్నుంచి మినిట్స్‌లో బల్లకు ఎడమవైపు వాళ్ళే మాట్లాడారు. ఎవరూ అడగని ప్రశ్నకు పెద్దసారు "అది మనవల్ల కాదు" అనేవారు. ఎవరూ వేయని జోకుకు నలుగురు పగలబడి నవ్వేవారు. కుడివైపు వాళ్ళు ఎంత నెమ్మదస్తులో అని ఆవిడకు వాళ్ళ మీద గౌరవం కూడా పెరిగింది.

వాళ్ళేమో మినిట్స్ తప్పని చచ్చినా అనరు. మాట్లాడామన్న జ్ఞాపకమే తప్పు కాబోలనుకున్నారు. పంపుల ఇంజనీరు అయితే డాక్టరుకు కూడా చూపించుకున్నాడు. ఒక నెల కిటికీలోంచి ఎండ పడుతోందని ఆయన ఎడమవైపుకు మారాడు. ఆ నెలలోనే, అడిగి అడిగి నోరు పడిపోయిన మోటారు మంజూరైంది. ఇంకేముంది, ఎడమవైపు కుర్చీలు కలిసొస్తాయని ఆఫీసంతా గుప్పుమంది. మూడు నెలలు తిరిగేసరికి ఎనిమిది మంది ఐదు కుర్చీల్లో మోచేతులు ముడుచుకుని ఇరుక్కున్నారు. మోకాలు చాపుకోవడానికి చోటు కావాలని స్టోర్‌కీపరు ఒక్కడే కుడివైపు మిగిలాడు.

ఈలోగా ఎడమచెవి కూడా గరగరమనడం మొదలెట్టింది. ఇక ఆ హెడ్‌ఫోన్లు "పాడైంది" గడికి చేరాయి, కొత్తవి కొనాలన్న అంశం కమిటీ ముందుకొచ్చింది.

"వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొందామయ్యా. ఎన్నాళ్ళీ తీగలు? పక్కాఫీసువాళ్ళు నవ్విపోతున్నారు" అన్నారు పెద్దసారు.

"అవి రెండు ముక్కలండీ. రిజిస్టరులో ఒకటని రాయాలా, రెండని రాయాలా?" అన్నాడు అకౌంట్సు ఆఫీసరు. "ఒకటి పోతే సగం పోయినట్టా, మొత్తం పోయినట్టా?"

"డబ్బాతో కలిపితే మూడు కదండీ" అన్నాడు పంపుల ఇంజనీరు.

"మరి నంబరెక్కడ వేస్తాం?" అన్నాడు అకౌంట్సు ఆఫీసరు.

అక్కడ అందరూ చిక్కుకుపోయారు. ఆ ఆఫీసులో చీపురుకట్టకు కూడా తెల్ల పెయింటుతో పద్నాలుగు అక్షరాల నంబరుంటుంది. చిక్కుడుగింజంత ఇయర్‌బడ్ మీద పద్నాలుగు అక్షరాలు ఎలా పడతాయి? చవకరకం తీగ హెడ్‌ఫోన్లయితే నంబరూ పడుతుంది, పోవు కూడా అని అకౌంట్సు ఆఫీసరు వాదన. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పెద్దసారూ తగ్గలేదు. ఈ వాదన మూడు మీటింగులు నడిచింది. ఆ మూడింటినీ టైపిస్టమ్మ గరగరమనే ఎడమచెవితోనే విని, తన హెడ్‌ఫోన్ల గురించి తానే టైపు చేసింది.

చివరికి ఒకసారి వాడి చూద్దామని పెద్దసారు తన సొంత ఇయర్‌బడ్స్ ఇచ్చారు. ఆవిడ రెండూ చెవుల్లో పెట్టుకుని రికార్డరు నొక్కింది. అవి ఇంకా పెద్దసారి ఫోనుకే అతుక్కుని ఉన్నాయి, ఆయనకు అప్పుడే ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఆయన ఎత్తి "హలో, హలో" అని అరుస్తున్నారు. ఆయనకేమీ వినిపించడం లేదు. వినిపించాల్సిందంతా మూడో అంతస్తులో వినిపిస్తోంది. కమిటీలోకి కొత్తగా ఎవరో ఆడమనిషి వచ్చినట్టుంది, గట్టి మనిషే అనుకుని టైపిస్టు ఒక్క ముక్క వదలకుండా కొట్టింది. "సాయంత్రం టొమాటోలు, బట్టల సబ్బు తేవాలని, మళ్ళీ మర్చిపోతే ఇంటికి రానక్కర్లేదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." మినిట్స్ మీద ముందు సంతకం పెట్టి, తర్వాత తీరిగ్గా చదవడం ఆ ఆఫీసు అలవాటు. తొమ్మిది సంతకాలూ పడ్డాయి. టొమాటోలకు మూడు కొటేషన్లు కావాలని అకౌంట్సు ఆఫీసరు ఫైలు పంపాకగానీ పెద్దసారికి సంగతి తెలియలేదు. ఆ సాయంత్రమే ఆయన తీగ హెడ్‌ఫోన్లకు ఒప్పుకున్నారు.

అలా చవకరకం హెడ్‌ఫోన్లు వచ్చాయి. నెత్తిమీది పట్టీకి ఈ చివరనుంచి ఆ చివరదాకా నంబరు. టైపిస్టమ్మ వాటిని పెట్టుకుని, కిందటి రోజు మీటింగు నొక్కింది. కుడివైపు ఎవరో దగ్గారు. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి చూసింది. గదిలో ఎవరూ లేరు. తర్వాత కుడిచెవిలో స్టోర్‌కీపరు గొంతు.

"టైపిస్టమ్మ సంగతి ఇక నేనెత్తనండీ. రెండేళ్ళు అడిగాను. ఆ అమ్మాయికే ఇష్టం లేనట్టుంది. వదిలేద్దాం."

"అభ్యంతరం లేదు" అన్నారు ఎడమచెవిలో పెద్దసారు.

ఆవిడ చటుక్కున లేచింది. బీరువా తెరిచి పాత రికార్డింగులన్నీ బల్ల మీద పోసింది. వరసగా ఇరవై రెండు మీటింగులు. ప్రతి నెలా స్టోర్‌కీపరు అదే మాట అన్నాడు: "ఆ అమ్మాయిని పర్మనెంటు చేద్దామండీ, తొమ్మిదేళ్ళు దాటింది." ప్రతి నెలా పెద్దసారు అభ్యంతరం లేదన్నారు. ప్రతి నెలా మిగతావాళ్ళు సరేనన్నారు. పాత మినిట్స్ తీసి చూసుకుంటే తన టైపు తనకే కనిపించింది. "అభ్యంతరం లేదని సభ్యులందరూ ఏకగ్రీవంగా తెలిపారు." దేనికో లేదు. ఇరవై ఒక్కసార్లు దేనికో లేదు, ఇరవై రెండోసారి టొమాటోలు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టు అంటారు. ఈవిడ పది వేళ్ళతోనూ పొడుచుకుంది.

హెడ్‌ఫోన్లు నెత్తిమీద ఉండగానే, తీగ మెట్లన్నీ కొట్టుకుంటూ వెంట రాగా, ఆవిడ కింద స్టోర్సు గదికి పరిగెత్తింది. స్టోర్‌కీపరు కుళాయిలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"బాబాయిగారూ, నాకిష్టం లేదని మీకెవరు చెప్పారు?"

"నువ్వేనమ్మా" అన్నాడాయన, తలెత్తి. "మీటింగు మాట బయట చెప్పకూడదు. మినిట్స్‌లో వచ్చాక నీకు చెబుదామని ఎదురుచూసేవాణ్ణి. నెలనెలా అన్నీ టైపు చేసి ఆ ముక్క ఒక్కటే వదిలేసేదానివి. ఇంకెక్కడో మంచి ఉద్యోగం చూసుకున్నావనుకున్నాను. మొహమాటపడి చెప్పలేకపోతున్నావనుకున్నాను. పిల్లను ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకున్నాను."

ఆయన చెప్పింది ఆవిడకు అప్పటికీ సగమే వినిపించింది, చెవులు మూసుకునే ఉన్నాయి మరి. చెవులు మూసుకున్నవాళ్ళు మాట్లాడినట్టే, మూడంతస్తులూ దద్దరిల్లేలా అరిచింది.

"నాకు కావాలి బాబాయిగారూ! పదకొండేళ్ళుగా కావాలి!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. పదకొండేళ్ళలో ఆవిడ గొంతు అంత పైకి లేవడం ఎవరూ ఎరగరు. పెద్దసారు చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వచ్చారు.

"ఏం కావాలమ్మా? ఏమైంది?"

"పర్మనెంటు కావాలి సార్."

ఆయన తెల్లబోయారు. వెనకున్నవాళ్ళను చూశారు, వాళ్ళు ఈయన్ని చూశారు. "అదేమిటి? ఎప్పుడో అయిపోయింది కదా! నెలనెలా ఒప్పుకుంటూనే ఉన్నాం. ఎందుకు మాటిమాటికీ అడుగుతాడా అని నేనే ఈయన మీద విసుక్కునేవాణ్ణి."

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసేసి, కుళాయిల పెట్టె మీద కూలబడి భోరుమంది. సంతోషమో, పోయిన రెండేళ్ళ మీద కడుపుమంటో ఆవిడకే తెలియలేదు.

"ముందు రికార్డరూ, మైకులూ పట్టుకురండి" అని కేకేశాడు స్టోర్‌కీపరు. అవి వచ్చాక తన వైపు ఉండే కుడి మైకు తీసుకెళ్ళి పెద్దసారి నోటి దగ్గర పెట్టాడు. "మళ్ళీ అనండి సార్. పేరూ, హోదా, అన్నీ వచ్చేట్టు అనండి."

పెద్దసారు అన్నారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఏ వైపు నిలబడాలో తెలియక రెండు వైపులా తిరిగి, సరేనన్నారు.

"ఇదంతా ఇప్పుడే టైపు చెయ్యి తల్లీ" అన్నాడు స్టోర్‌కీపరు, "ముందా ముక్కు తుడుచుకుని."

ఆవిడ తుడుచుకుంది. మూడో అంతస్తు చేరేసరికి మళ్ళీ ఏడుపొచ్చింది.